ముట్లు ఆగాక మళ్లీ రక్తం పడితే.. అది వేడి కాదు, వయసూ కాదు!

మా పిన్ని ఆ సంగతి మొదట్లో ఎవరికీ చెప్పలా. మినుము పీకే రోజులు. తెల్లారకుండానే క్యారేజీ కట్టుకుని పొలం పోయేది. ముట్లు ఆగిపోయి అప్పటికి మూడేళ్లు దాటింది. ఒకరోజు మళ్లీ రక్తం కనబడింది. వేడి చేసిందనుకుంది. మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానేసుకుని తాగింది. తగ్గింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. అప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీకి చెబితే బిళ్లలు ఇచ్చాడు. తగ్గింది. మళ్లీ వచ్చింది. ఇట్టా ఎనిమిది నెలలు పోయినై.

ఆఖరికి టౌన్లో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. స్కానింగ్ తీసి, "గర్భసంచి పాడైంది, తీసేస్తే ఏ గొడవా ఉండదు" అన్నారు. బాబాయి అప్పు తెచ్చి కట్టాడు. తీసేశారు. తీసిన సంచిని ల్యాబుకి పంపారా, ఆ రిపోర్టు ఏది అని అడగాలని మాలో ఒక్కడికీ తెల్దు. ఏడాది కాకుండానే నడుం నొప్పి, కాలు వాపు. పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ కాగితాలన్నీ తిరగేసి ఒకటే అడిగింది. "ఆపరేషన్‌కి ముందు ముక్క పరీక్ష చేశారా? కనీసం లోపల ఎవరన్నా చూశారా?"

మా దగ్గర సమాధానం లేదు. గర్భసంచి మూతి దగ్గర పుట్టిన క్యాన్సర్ అది. లైటు వేసి చూస్తే కంటికి కనబడే చోటు. అన్ని నెలల్లో ఒక్కరు కూడా చూళ్లేదు.

పిన్ని పోయి చాన్నాళ్లయింది. ఆ డాక్టరమ్మ ప్రశ్న మాత్రం నన్నొదల్లేదు. నేను డాక్టర్ని కాను, ఇంటర్ మధ్యలో ఆపేసినోణ్ని. కూలీ సంఘం పనుల మీద ఊళ్లు తిరుగుతా, దొరికింది చదువుతా, నర్సమ్మల్నీ డాక్టర్లనీ విసిగించి అడుగుతా. అట్టా తెలుసుకున్నది మీకు చెప్తున్నా. ఫోన్లో ఈ పేజీ చదివేది మీరు. మీ అమ్మ చదవదు, మీ అత్తయ్య చదవదు. అందుకే మీకే రాస్తున్నా. తమ్ముళ్లూ, 'ఇది ఆడోళ్ల సంగతి, మనకెందుకు' అని పేజీ జరపకండి. ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లేది మీరే గదా.

మన ఊళ్లలో ఆడోళ్లకి రెండే దారులు తెలుసు. ఒకటి దాచుకోవడం. రెండోది సంచి తీయించుకోవడం. ఈ రెండింటి మధ్యలో ఇంకో దారి ఉంది. చూడటం, పరీక్ష చేయటం, కాగితం రాసి పై ఆసుపత్రికి పంపటం. ఖర్చు తక్కువ దారి అదే, ప్రాణం నిలబెట్టేదీ అదే. మన పీహెచ్‌సీలో మొదలవ్వాల్సిన దారి అది.

ఎక్కడ పుడతది, ఎట్టా పెరుగుద్ది

సొరకాయ బుర్రని తలకిందులుగా పట్టుకున్నట్టు అనుకోండి. పైన లావుగా ఉన్నది గర్భసంచి. కింద సన్నటి మెడ, దాని చివర మూతి. దాన్నే డాక్టర్లు గర్భాశయ ముఖద్వారం అంటారు. సంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు. మూతి కింద యోని, బయట పెదవులు. వీటిలో ఎక్కడైనా క్యాన్సర్ రావచ్చు. మన దేశంలో ఎక్కువగా వచ్చేది మూతికి. 2022లో దేశం మొత్తం మీద ఈ మూతి క్యాన్సర్ కొత్తగా సుమారు 1,27,000 మందికి వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అంటే సుమారు ఏడు నిమిషాలకి ఒక తల్లో, చెల్లో పోతున్నట్టు.

మూతి క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. కాపురం చేసే ఆడా మగా చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది అంటుద్ది. ఎక్కువ మందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోద్ది. కొద్దిమందిలో పోకుండా ఉండిపోయి, 15 నుంచి 20 ఏళ్లు నెమ్మదిగా లోపల పనిచేసి క్యాన్సర్ అయిద్ది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనోళ్లలో అయితే ఐదు పదేళ్లలోనే రావచ్చు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఈ జబ్బు వచ్చిందంటే ఆమె నడత మంచిది కాదని ఊళ్లో గుసగుసలాడే మనుషులున్నారు. జీవితంలో ఒకే మగాడితో కాపురం చేసిన ఆడమనిషికి కూడా ఇది వస్తది. వైరస్ మోసుకొచ్చేది మగాడు కూడా. ఆ గుసగుసలకి భయపడే చాలామంది ఆడోళ్లు జబ్బు దాచుకుంటున్నారు.

పదిహేనేళ్లు పట్టుద్దంటే పదిహేనేళ్లు మనకి టైం ఉన్నట్టే. క్యాన్సర్ కాకముందే పట్టుకుంటే చిన్న చికిత్సతో ఆ మచ్చని కాల్చేయొచ్చు. సంచి తీయాల్సిన పనే ఉండదు.

రేవులో ఎగరేసిన జెండాలు

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి దివిసీమలో చెప్పని ముసలాళ్లు లేరు. ఇప్పుడు సముద్రంలో వాయుగుండం పుడితే బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటో నంబరు ఎగరేసిన ప్రతిసారీ తుఫాను వచ్చుద్దా? రాదు. అయినా నాగాయలంక పడవోడు వేటకి పోడు. ఒంటి గుర్తులూ అట్టాంటివే. కనబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. చూపించుకోకుండా ఉండకూడదని.

గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

ఒకటి, ముట్లు ఆగి 12 నెలలు దాటాక మళ్లీ రక్తం కనబడటం. ఒక్క చుక్కైనా, ఒక్కసారైనా, లేత గులాబీ మరకైనా లెక్కే. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కి ఇది మొదటి గుర్తు. లావుగా ఉన్నోళ్లు, షుగరు, బీపీ ఉన్నోళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఇట్టా రక్తం కనబడిన పది మందిలో సుమారు తొమ్మిది మందికి గర్భసంచి క్యాన్సర్ ఉండదు. మరి ఆ పదో మనిషి ఎవరో చూడకుండా ఎట్టా తెలుస్తది?

రెండు, భార్యాభర్తలు కలిశాక రక్తం రావడం. చెప్పుకోవడానికి సిగ్గనిపించే గుర్తు ఇదే. మూతి క్యాన్సర్ తొందరగా బయటపెట్టేదీ ఇదే.

మూడు, నెలసరికీ నెలసరికీ మధ్యలో రక్తం పడటం. 45 దాటాక 'ముట్లు ఆగే ముందు ఇట్టాగే ఉంటది' అని వదిలేస్తారు. నెలసరి ఒకటి అటూ ఇటూ అవడం మామూలే. వారాల తరబడి పోవడం, మధ్య మధ్యలో కనబడటం మామూలు కాదు.

నాలుగు, వాసనొచ్చే తెల్లబట్ట, రక్తపు జీర కలిసిన తెల్లబట్ట. తెల్లబట్ట ఎక్కువసార్లు ఇన్ఫెక్షనే. కానీ ఒకసారి మందు వాడినా తగ్గకపోతే మళ్లీ అదే మందు రాయకూడదు. లోపల చూడాలి.

ఐదు, తగ్గని 'గ్యాస్'. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అండాశయం క్యాన్సర్ పొట్టలో దాక్కునే దొంగ. పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, ఊరకూరకే ఒంటేలుకి పోవాలనిపించడం దీని గుర్తులు. 50 ఏళ్లు దాటినామెకి ఇవి కొత్తగా మొదలై, వారాల తరబడి దాదాపు రోజూ ఉంటే గ్యాస్ బిళ్ల మింగి కూర్చోకూడదు. పొట్ట తడిమి చూసి, రక్త పరీక్ష, స్కానింగ్ చేయించాలి. తల్లికో అక్కకో రొమ్ము క్యాన్సర్, అండాశయం క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఆరు, బయట పెదవుల దగ్గర మానని పుండు, గడ్డ, తెల్లమచ్చ, నెలల తరబడి దురద. మందుల షాపులో ఆయింట్‌మెంటు కొనుక్కుని రాసుకుంటా ఏళ్లు గడిపేసినోళ్లని చూశా.

నడుం నొప్పి, ఒక కాలే వాయడం, బరువు తగ్గిపోవడం తర్వాత తర్వాత వచ్చేవి. అవి పదో నంబరు జెండా. అప్పటిదాకా ఆగొద్దు.

పీహెచ్‌సీలో ఏం జరగాలి

మొదటిది, అడగాలి. పక్కకి తీసుకెళ్లి, తలుపు వేసి, నెమ్మదిగా అడగాలి. ఆఖరు ముట్టు ఎప్పుడు, రక్తం ఎప్పట్నుంచి, కలిశాక వస్తోందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు. ముట్లు ఇంకా ఆగనామె అయితే గర్భం ఉందేమో కూడా చూడాలి.

రెండోది, చూడాలి. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, లైటు వేసి మూతిని చూడటం. ఐదు నిమిషాల పని. ముందు ఆమెకి చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చేయాలి. పక్కన ఆడమనిషి ఉండాలి. 'మగ డాక్టరు చూస్తాడు' అని భయపడి వెనక్కొచ్చేసినోళ్లు చాలామంది ఉన్నారు. నర్సమ్మ ఉంటది, వద్దంటే ఆగుతారు అని ముందే చెబితే ఆ భయం సగం పోద్ది.

మూడోది వీఐఏ పరీక్ష. మూతికి పల్చటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిది, దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్న చోట తెల్లగా మచ్చ లేస్తది. ఫలితం అక్కడికక్కడే. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడోళ్లకి ఏ బాధా లేకపోయినా ఐదేళ్లకోసారి ఇది చేయాలి. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. ఇది బాధ లేనోళ్లని జల్లెడ పట్టే పరీక్ష. పైన చెప్పిన గుర్తులున్న ఆమెకి 'వీఐఏ బాగుంది, ఇంటికి పో' అంటే సరిపోదు. ముట్లు ఆగినోళ్లలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోద్ది కాబట్టి వీఐఏలో సరిగ్గా కనబడదు కూడా. గుర్తు ఉంటే పై డాక్టరు చూడాల్సిందే.

నాలుగోది, పంపాలి. మూతి మీద పుండో, కండో, ముట్టుకుంటే రక్తమో కనబడితే ఇంకే మందూ రాయకుండా స్త్రీల డాక్టరు దగ్గరికి పంపాలి. అక్కడ ముక్క పరీక్ష చేస్తారు. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది ఆ ముక్కే, స్కానింగ్ కాదు.

ఇంగ్లండ్‌లో 55 దాటినామెకి ముట్లాగాక రక్తం కనబడితే, ఇంటి దగ్గరి డాక్టరు ఆమెని క్యాన్సర్ అనుమానం కింద స్పెషలిస్టుకి పంపాలని రాసి పెట్టుకున్నారు. 28 రోజుల్లో అవునో కాదో చెప్పాలని లక్ష్యం పెట్టుకున్నారు. మనకి లండన్ రానక్కర్లా. పిన్నికి ఎనిమిది నెలలు పోయిన చోట 28 రోజులు అని అడిగే నోరు వస్తే చాలు.

'బెజవాడ తీసుకెళ్లండి' అంటే పంపినట్టు కాదు

మన దగ్గర రిఫర్ చేయడం అంటే ఏంది? ఓపీ చీటీ వెనకాల ఒక గీత గీసి, 'పెద్దాసుపత్రికి పోండి' అనడం. ఆమె ఇంటికొచ్చి, కూలీ పోద్దని ఆగి, ఊడ్పులయ్యాక పోదాంలే అని, తర్వాత కోతలయ్యాక అని మరిచిపోద్ది. ఏ ఆసుపత్రిలోనూ ఆమె లెక్క ఉండదు.

సరైన కాగితంలో ఇవి ఉండాలి. పేరు, వయసు. బాధ ఏంది, ఎన్నాళ్ల నుంచి. ముట్లు ఎప్పుడాగినై. లోపల చూస్తే ఏం కనబడింది. వాడిన మందులు, రక్తం ఎంతుంది, షుగరు బీపీ సంగతి. అన్నిటికంటే ముఖ్యం, 'క్యాన్సర్ అనుమానం' అని స్పష్టంగా రాయడం. ఏ ఆసుపత్రిలో ఏ ఓపీకి పోవాలో, పంపిన డాక్టరు ఫోన్ నంబరు ఏందో కూడా ఉండాలి. పది రోజుల తర్వాత ఏఎన్‌ఎమ్మో ఆశానో ఇంటికొచ్చి 'పోయావా అమ్మా' అని అడగాలి. ఆ అడగటం కూడా వైద్యమే.

గుడివాడ, నందివాడ, గుడ్లవల్లేరు వైపు వాళ్లకి దగ్గర గుడివాడ ఏరియా ఆసుపత్రి. దివిసీమ వాళ్లకి అవనిగడ్డ ఆసుపత్రి, ఆపైన బందరు. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది కాబట్టి అక్కడి సర్వజన ఆసుపత్రిలో స్త్రీల వైద్య విభాగం ఉంది. ముక్క పరీక్షలో తేలితే విజయవాడ, గుంటూరు సర్వజన ఆసుపత్రులు. గుంటూరులో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఆ ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనే ఉంది. విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్, కీమో, మనోళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషన్, ఇవి ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉన్నై. ఆరోగ్యశ్రీ అని మనం పిలిచేది దాన్నే. 104కి ఫోన్ చేస్తే ఏ ఆసుపత్రిలో ఉందో చెప్తారు. కార్డు తీసుకుని ఆసుపత్రిలో ఉండే మిత్ర డెస్కు దగ్గరికి పోవాలి. డబ్బుల్లేవని ఆగేముందు ఆ ఒక్క ఫోన్ చేయండి.

మన జిల్లాకి ఈ జబ్బుతో ఒక చరిత్ర ఉంది. గుడివాడ నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన ఎన్టీఆర్ భార్య, నిమ్మకూరు ఇంటి కోడలు బసవతారకమ్మ క్యాన్సర్‌తోనే పోయింది. ఆమె పేరు మీద 2000లో హైదరాబాద్‌లో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి లేచింది. మంటాడలో పుట్టి బందరులో చదువుకున్న నోరి దత్తాత్రేయుడు గారు అమెరికాలో క్యాన్సర్ రేడియేషన్ వైద్యంలో పెద్ద డాక్టరయ్యారు. అంత పెద్ద పేర్లు మన నేల నుంచి వెళ్లినై. పొలం గట్టు నుంచి పీహెచ్‌సీ గుమ్మం దాకా ఉన్న ఆ రెండు మైళ్ల దూరం మాత్రం ఇంకా తెగలా.

చూసేది తక్కువ, కోసేది ఎక్కువ

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019 నుంచి 2021 దాకా జరిగింది. అందులో రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో గర్భసంచి మూతి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నోళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే.

గర్భసంచి ఆపరేషన్ ప్రతిసారీ తప్పని నేననడంలా. పెద్ద కంతులు, ఆగని రక్తస్రావం ఉంటే అవసరమే. 'ముందే తీసేస్తే క్యాన్సర్ రాదు' అని భయపెట్టి ముప్పయ్యేళ్ల పిల్లకి తీసేయడమే దుర్మార్గం. దానికంటే ఘోరం ఇంకోటుంది. మూతికి అప్పటికే క్యాన్సర్ ఉంటే చేయాల్సిన ఆపరేషన్ వేరు. చుట్టుపక్కల కండ, గ్రంథులు కలిపి తీయాలి, లేదా ఆపరేషన్ లేకుండా కరెంటు వైద్యమే చేయాలి. పరీక్ష చేయకుండా మామూలుగా సంచి లాగేస్తే క్యాన్సర్ సగం లోపలే ఉండిపోద్ది, తర్వాత వైద్యం కష్టమైద్ది. మా పిన్నికి జరిగింది అదే.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం మార్గదర్శకాలు రాసింది. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది. కాగితం మీద ఉంది. గుమ్మంలోకి తేవాల్సింది మనం. సంచి తీస్తామని ఎవరన్నా అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, మూతిని చూశారా, ముక్క పరీక్ష చేశారా? రెండు, మందులతో తగ్గే దారి లేదా? మూడు, తీసిన సంచిని ల్యాబుకి పంపి ఆ రిపోర్టు మాకిస్తారా? ఇంకో డాక్టరుకి చూపించుకొస్తామంటే కోప్పడే చోట ఆపరేషన్ చేయించుకోకండి.

ఆశా అక్క అడిగే ప్రశ్న, మనం చెప్పే అబద్ధం

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశాలు నింపే ఫారం ఒకటుంది. ముట్లాగాక రక్తం పడుతోందా, కలిశాక రక్తం వస్తోందా, నెలసరి మధ్యలో వస్తోందా, వాసనొచ్చే తెల్లబట్ట ఉందా అని ఆ ఫారంలోనే అడుగుతారు. ప్రభుత్వం ప్రశ్నలు బాగానే రాసింది. కానీ ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతారు? వరండాలో. అటు మామగారు మంచం మీద, ఇటు కొడుకు ఫోన్ చూస్తా. ఆ మనిషి 'లేదు' అనక ఏం చెప్పుద్ది? ఫారంలో 'లేదు' అని పడిపోద్ది. లెక్కల్లో మన ఊళ్లో ఆడోళ్లందరికీ బ్రహ్మాండంగా ఉంటది.

తమ్ముడూ, ఆశా అక్క వచ్చినప్పుడు నువ్వు చేయాల్సింది చాలా చిన్నది. లేచి బయటికి పో. తాతని కూడా టీకొట్టు దాకా తీసుకుపో. ఒక పావుగంట ఆ ఇద్దర్నీ మాట్లాడుకోనియ్.

ఇంత చిన్న పనితో ఏం ఒరుగుద్ది అంటారేమో. మహారాష్ట్రలో షోలాపూర్ వైపు బార్షీ అనే పల్లె ప్రాంతం ఉంది. అక్కడ పెద్ద మిషన్లేం పెట్టలా. ఊరూరా తిరిగి గుర్తులు ఏంటో చెప్పారు, వచ్చినోళ్లని ఆసుపత్రికి చేర్చారు. అంతమాత్రానికే మూతి క్యాన్సర్ ఉన్నోళ్లు ముందు దశలోనే ఆసుపత్రికి రావడం పెరిగింది. తమిళనాడు దిండుగల్ జిల్లాలో నర్సులకి శిక్షణ ఇచ్చి పల్లెల్లో వీఐఏ చేయిస్తే, ఆ ఊళ్లలో ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు దాకా తగ్గినై. 2007లోనే ఆ ఫలితం వచ్చింది. నర్సమ్మలు చేశారు, పల్లెటూరి ఆడోళ్లు చేయించుకున్నారు. మనోళ్లకి ఎందుకు కాదు?

టీకా సంగతీ ఒక ముక్క. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా మంచి రక్షణ. టీకా అనగానే మనోళ్లకి ఖమ్మం గుర్తొస్తది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా మూడు మండలాల్లో సుమారు 14,000 మంది ఆడపిల్లలకి ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు. చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. విచారణలో పిల్లల చావులకి టీకా కారణమని తేలలేదు. కానీ అడగకుండా చేసిన పాపం తేలింది, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఖమ్మం నుంచి మనం నేర్చుకోవాల్సింది టీకా వద్దని కాదు. చెప్పి, అడిగి, ఒప్పించి చేయాలని. టీకాకైనా, లోపల పరీక్షకైనా, సంచి తీయడానికైనా అదే ధర్మం.

మీరు చేయగలిగేవి

ఇంట్లో ముప్పై దాటిన ఆడోళ్లు ఎవరెవరో లెక్కేసుకోండి. అమ్మ, పిన్ని, దొడ్డమ్మ, వదిన. పైన చెప్పిన ఆరు గుర్తులూ చెల్లెలి చేతో అక్క చేతో వాళ్లకి చెప్పించండి. అబ్బాయిలు అమ్మకి తిన్నగా చెప్పలేకపోతే ఈ పేజీ చదివి వినిపించండి, పర్లేదు, ఒకసారి సిగ్గుపడితే పోయేదేం లేదు. గుర్తుంటే ఆ వారమే పీహెచ్‌సీకో, ఊరికి 104 బండి వచ్చే రోజు అక్కడికో తీసుకెళ్లండి. రక్తం ఎప్పుడెప్పుడు పడిందో తారీకులు ఫోన్లో రాసి పెట్టుకోండి, డాక్టరుకి అది చాలా పనికొస్తది. ప్రతి కాగితం ఫోటో తీసి ఉంచండి. పంపిన చీటీలో 'క్యాన్సర్ అనుమానం' అని రాయమని అడగండి, రాయకపోతే ఎందుకు రాయలేదో మర్యాదగా అడగండి.

ఊరి తరఫున కూడా అడగాలి. మన పీహెచ్‌సీలో స్పెక్యులమ్ ఉందా, లైటు ఉందా, తలుపున్న గది ఉందా? పోయిన నెల వీఐఏ ఎంతమందికి చేశారు, ఎంతమందిని పైకి పంపారు, అందులో ఎంతమంది చేరారు? గ్రామసభలో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల పని. నర్సమ్మలతో పోట్లాట కాదిది. గదీ సామానూ లేకుండా ఆళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆళ్ల పక్కన నిలబడి పైవాళ్లని అడగడం.

మా పిన్నిని డాక్టరమ్మ అడిగిన ప్రశ్న మళ్లీ రాస్తున్నా. "లోపల ఎవరన్నా చూశారా?" మీ ఇంట్లో ఆ మాట చివర్లో కాదు, మొదటి రోజే అడగండి. మినుము తర్వాత పీకొచ్చు.